తేయాకు పుట్టిల్లు

తవిటినాయుడు మాస్టారు హైస్కూల్లో భూగోళం చెప్పేవారన్నది నిజమే గానీ, ఊళ్లో ఆయనకు పేరొచ్చింది మాత్రం నిద్రవల్ల. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేవారు, దిగవలసిన చోటు రాగానే ఎవరూ లేపకుండా కళ్లు తెరిచేవారు. పరీక్షహాల్లో కాపలా వేస్తే పిల్లలు ఒకళ్ల పేపరు చూసి ఒకళ్లు రాసుకుని, పాపం మాస్టారు అని ఆయన కళ్లజోడు జారి పగలకుండా తీసి బల్లమీద పెట్టేవారు. తన పెళ్లిలోనే పురోహితుడి మంత్రాలకు కునుకు పట్టి, జీలకర్రా బెల్లం నెత్తిన పడేసరికి ఉలిక్కిపడి లేచారు. ఆ సంగతి ఆయన భార్య యశోద ఇప్పటికీ ఇంటికి ఏ చుట్టం వచ్చినా చెబుతూనే ఉంటుంది.

అలాంటి మనిషికి కంటిమీద కునుకు లేకుండా చేసిన ఘనత కూడా యశోదదే. ఎవరో గిట్టనివాళ్లు చేసి ఉంటే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు. తనే చేసింది, అదీ ప్రేమతో, సొంత ఇంట్లో, పళ్లెంలో వేడన్నం వడ్డించి మరీ చేసింది.

యశోద మొక్కల శాస్త్రవేత్త. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి తేయాకు కోయడానికి అస్సాం వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఆవిడదీ మాస్టారిదీ. యశోద నాయనమ్మ వీపున బుట్ట తగిలించుకుని చిగురు కోసింది. మనవరాలు చదువుకుని, అవే తోటల పక్కనున్న తేయాకు పరిశోధన కేంద్రంలో పెద్ద ఉద్యోగం సంపాదించింది. గడప దాటితే అస్సామీ, గడప లోపల తెలుగు. ఆ తెలుగుతో పాటు వాళ్లు మూటగట్టుకొచ్చిన ఆచారాల్లో ‘కొత్త’ పెట్టడం ఒకటి. ఏ పంట చేతికొచ్చినా ముందు ఇంట్లో వండాలి, ఇంటిపెద్ద తొలిముద్ద తినాలి, ఆ తర్వాతే తక్కినవాళ్లు, ఆ తర్వాతే అమ్మకాలూ అప్పగింతలూ. తోటల్లో బతికేవాళ్లకు వరిచేలు ఎక్కడివి? ఉన్నది తేయాకే. అందుకని చలి పోయాక వచ్చే తొలిచిగురు గుప్పెడు తెచ్చి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఉప్పూ వేసి నూరి, కాస్త ఆవనూనె కలిపి, వేడన్నంలో తింటారు. తేయాకు పచ్చడేమిటని మీరు ముఖం చిట్లించవచ్చు. తిన్నవాళ్లు మాత్రం పళ్లెం నాకి మరీ లేస్తారు.

పరిశోధన కేంద్రంలో యశోద కట్టించిన గాజుగోడల గదిని అందరూ ‘వెనకగది’ అనేవారు. చూడవచ్చినవాళ్లకు ఆవిడ తేలికగా చెప్పేది.

"మొక్క పాత పాఠాలేవీ మరిచిపోదండీ. అవసరం తీరిపోతే అటకమీద పడేస్తుంది, అంతే. మేం నిచ్చెన వేసి ఆ అటక ఎక్కుతున్నాం."

ఆ గదిలో వెలుతురూ చలీ వేళ్లకు పెట్టే ద్రావకాలూ కలిసి మొక్కలో మాటుమణిగిన పాత లక్షణాల్ని ఒక్కొక్కటిగా తట్టి లేపేవి. గింజ నాటితే చూస్తూండగానే పెరిగి, పూసి, కాసేది. ఆ కాయలోంచి వచ్చిన మొక్క తల్లికంటే పాతకాలంది. అంటే మనవరాలి కడుపున నాయనమ్మ పుడుతోందన్నమాట. కొన్ని కాన్పులయ్యేసరికి తోటలోని పొట్టి పొద కాస్తా అడవిచెట్టు పోలికల్లోకి వచ్చింది. ఇంకొన్ని కాన్పులకు దాన్ని ఏ పుస్తకంలోనూ వెతకడానికి లేకుండా పోయింది.

ఇంత తంటా ఎందుకంటే తేయాకు ముందెక్కడ పుట్టిందన్న తగువు తేల్చడానికి. చైనావాళ్లు మాదంటారు, మరిగే నీళ్లలో ఆకు రాలితే తాగి మురిసిపోయిన రాజుగారి కథ చెబుతారు. అస్సాంవాళ్లు, మా కొండల్లో ఎవరూ నాటకుండానే చెట్లున్నాయి కదా అంటారు. మధ్యలో బర్మావాళ్లు, మేం తాగడమే కాదు, ఊరబెట్టి తింటాం కూడా అంటారు. తొలి మొక్కే లేచివస్తే దాని ఊరు అదే చెబుతుందని యశోద ధీమా.

లేచి వచ్చింది. నల్లగా నిగనిగలాడే దళసరి ఆకులు, పొడుగ్గా సాగిన కొసలు. ఆకు తిరగేస్తే ఈనెల మొదట్లో చిన్నచిన్న గూళ్లు, ఆవగింజ పట్టేటంత. యశోద దగ్గర పనిచేసే దీపాంకర్ బరువా వాటిని భూతద్దంలో చూసి, "లోపల ఏమీ లేదు మేడమ్, ఖాళీ" అన్నాడు. దీపాంకర్ ప్రతిదానికీ కంగారుపడే కుర్రాడు గనక విషపరీక్షలన్నీ రెండేసిసార్లు చేశాడు. విషం లేదని తేలింది. తేయాకులో ఉండే చురుకు పదార్థానికి దూరపు చుట్టంలాంటిది ఏదో కనిపించింది. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

వెనకగదిలోంచి ఆకుముక్క కూడా బయటికి పోకూడదని నియమం రాసింది యశోదే. అయితే పరీక్షకు తుంచగా మిగిలిన చిగురు లేతగా, మెత్తగా అరచేతిలో పడేసరికి ఆవిడకు నియమం గుర్తుకు రాలేదు. ఇన్ని వేల ఏళ్ల తర్వాత వేసిన తొలిచిగురు, కొత్త పెట్టకుండా సీసాల్లోకి ఎక్కించడమా? బుర్ర ఇంకా ఆలోచిస్తూండగానే చెయ్యి టిఫిన్ డబ్బా మూత తీసేసింది.

"ఓలమ్మా, ఎంత లేతగున్నాదే ఈ సిగురు! ఏ తోటదే?" అంది అత్తగారు సన్యాసమ్మ, ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని.

"మా గదిలోదే అత్తా."

"గదిలో తోటేటే? సదూకున్నోలు ఏటైనా సేస్తారు," అని ఆవిడ నవ్వుకుంటూ రోట్లో వేసి నూరింది. "నానీవేల ఒక్కపొద్దు. ఉల్లిపాయ ముట్టను. మీరిద్దరూ తినీయండి."

మాస్టారు తొలిముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకోవడం కొత్తేమీ కాదు గనక యశోద పట్టించుకోలేదు. తను పళ్లెం ముందు కూర్చోబోతూండగా దీపాంకర్ ఫోను, వెనకగదిలో నీళ్ల మోటారు ఆగిపోయిందని. ఉన్నపళంగా పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పచ్చడిగిన్నె ఖాళీ.

"నీకోసం ఉంచుదామనే అనుకున్నాను యశోదా," అన్నారు మాస్టారు తప్పుచేసిన పిల్లాడిలా. "మధ్యలో ఎక్కడో మాట తప్పాను."

మొదట్లో ఇల్లంతా పండగలా ఉంది. మాస్టారికి నిద్ర రావడం లేదు, పైగా అలసటా లేదు. ఏళ్లతరబడి రేపు చూద్దామంటూ వచ్చిన పనులన్నీ వరసపెట్టి చేసేశారు. గేటుకు రంగు వేశారు. బావి గిలక బాగుచేశారు. పక్కింటివాళ్ల రేడియో అడగకుండానే విప్పి, ఆశ్చర్యంగా మళ్లీ బిగించారు కూడా. "నా కొడుక్కి ఇన్నాల్టికి సురుకొచ్చింది" అని సన్యాసమ్మ దిష్టి తీసింది. యశోద కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే తర్వాత ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసేది.

ఎందుకంటే నిద్ర ఆ మర్నాడూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. కళ్ల కింద నలుపు దిగింది. సుద్దముక్క పట్టుకుంటే చేతులు వణికాయి. మాటలు నోటిదాకా వచ్చి జారిపోయేవి. ఒకరోజు తరగతిలో గోడమీద పటం ముందు నిలబడి, బ్రహ్మపుత్ర ఎక్కడుందో చూపించబోయి వెతుక్కున్నారట. పుట్టింది ఆ నది ఒడ్డున, ఈత నేర్చింది ఆ నదిలో. వేలు పటమంతా తిరిగింది గానీ నది దొరకలేదు. పిల్లలెవరూ నవ్వలేదు. చివరికి ముందు బెంచీ అమ్మాయి లేచివెళ్లి ఆయన వేలు పట్టుకుని నదిమీద పెట్టిందని హెడ్మాస్టరు ఫోనులో యశోదకు చెప్పాడు.

ఆస్పత్రిలో మాత్రలు పనిచేయలేదు. సూదిమందు ఇస్తే ఒళ్లు పడిపోయింది గానీ మెదడు మేలుకునే ఉంది. మందు దిగాక మాస్టారు, మంచం పక్కన నర్సులు మాట్లాడుకున్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పారు. డాక్టరు యశోదను వరండాలోకి పిలిచి, "ఇది నిద్ర కాదమ్మా, స్పృహ తప్పించడం. ఇలా చేసుకుంటూ పోతే గుండె ఎన్నాళ్లో తట్టుకోదు. ఆయన ఒంట్లో ఏం చేరిందో మీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

తెలుసు. అప్పటికే భర్త రక్తపు చుక్క దీపాంకర్ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పేసింది. ఆ చుక్కలో ‘దూరపు చుట్టం’ కనిపించింది. తిన్నరోజు ఎంత ఉండి ఉంటుందో అంతా అలాగే ఉంది, ఇసుమంత కూడా తగ్గలేదు. మామూలు టీలోని చురుకు ఒంట్లో కాసేపుండి పోతుంది. ఇది పోవడం లేదు.

ఇంటికొచ్చి అత్తగారికి కూడా చెప్పింది. తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. సన్యాసమ్మ తన రెండు చేతులూ చూసుకుంటూ, "నా సేత్తోనే నూరినాను గదే... కన్నకొడుక్కి నా సేత్తోనే..." అని గోడకు జారగిలబడిపోయింది. యశోద ఆ చేతులు పట్టుకుని, "తెచ్చింది నేను అత్తా, నేనే బాగుచేసుకొస్తాను" అంది. ఎలాగో ఆ క్షణాన ఆవిడకు ఏమీ తెలియదు.

తెలిసింది వెనకగది ముందు కూర్చున్నప్పుడే. ఆకు తిరగేసి ఆ గూళ్లవైపే చూస్తూ, పైకే అనుకున్నట్టు అడిగింది.

"దీపాంకర్, ఇంత కష్టపడి ఇళ్లు కట్టినవాళ్లు ఖాళీగా ఎందుకు ఉంచుకుంటారు?"

"అద్దెకివ్వడానికి," అన్నాడు దీపాంకర్, ఏదో ఒకటి అనాలని. అని, తనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అవును, ఆ గూళ్లలో ఎవరో కాపురముండేవాళ్లు. ఏ బూజో, కంటికి కనిపించని ఏ జీవో. పురుగులు దగ్గరికి రాకుండా మొక్క తయారుచేసుకున్న ఈ మొండి పదార్థాన్ని తింటూ, దాన్ని అదుపులో ఉంచుతూ బతికేది. ఊరు వదిలి మనుషుల వెంట బయల్దేరిన తేయాకు ఆ తోడు లేకుండా బతకాల్సి వచ్చి, చురుకు తగ్గించుకుని, గూళ్లు మూసేసుకుని ఉంటుంది. వెనకగది ఏం చేసిందంటే పాత మొక్కను పుట్టించింది గానీ దాని తోడును పుట్టించలేకపోయింది. ఆ తోడు దొరికితే మాస్టారి ఒంట్లోని విషాన్నీ తినగలదు. అది ఎక్కడుంటుంది? మొక్క పుట్టిన చోట.

ఊరు తెలుసుకోవాలన్న పరిశోధన నిన్నటిదాకా పేరుకోసం. ఈరోజు అది మొగుడి ప్రాణం. యశోదకు ఏడుపొచ్చింది. అటకంతా వెతికినా మొక్కలో ఊరి పేరు రాసిపెట్టి ఉండదు కదా.

ఇంట్లో ఊరికే కూర్చోలేక మాస్టారు ప్రయోగశాలకు వస్తానన్నారు. గాజుగోడ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రెప్పవేయని మనిషికి మొక్కను కనిపెట్టి ఉండటం కష్టమేం కాదు. మధ్యాహ్నం టీ వేళ దాటాక ఆయన గాజు తట్టారు.

"యశోదా, లోపల లైట్లు తగ్గించారా?"

"లేదు మాస్టారూ." ఇంట్లో కూడా ఆవిడ ఆయన్ని అలాగే పిలిచేది. "పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఒకే వెలుతురు."

"మరి దీనికప్పుడే పొద్దుగుంకిందేటి? నిన్నా ఇదే వేళకి ఆకులు వాల్చీసింది. ఇంకా పొద్దుండగానే పక్కేసుకుంటోంది. నాలాంటిదే పాపం, ఇదివరకటి నాలాంటిది."

యశోద, దీపాంకర్ మొహమొహాలు చూసుకున్నారు. నీళ్ల కొరత వల్లో వేరు దెబ్బతినడం వల్లో ఆకు వాలుతోందని వాళ్లు రాసుకుని వదిలేశారు. మాస్టారి మొహంలోకి, చాలా రోజుల తర్వాత, పాఠం చెప్పే వెలుగు వచ్చింది.

"మజ్జాన్నమే పొద్దుగుంకే ఊరు ఎక్కడుంటాది? పడమటి పక్కన నిటారుగా కొండుంటే. అంటే తూరుపుకి తెరుచుకున్న సన్నటి లోయ. ఇది దాని పాత అలవాటు, మీ లైట్లని అది నమ్మట్లేదు. ఇంకేం అలవాట్లున్నాయో చెప్పండి, ఒక్కోటీ చెప్పండి."

దీపాంకర్ గబగబా చెప్పుకొచ్చాడు. సున్నం తగిలితే వేళ్లు ముడుచుకుంటున్నాయి. మంచు గడ్డకట్టే చలి ఒక్కసారి తాకితే గానీ మొగ్గ విప్పడం లేదు. ఆకు కొసలు అంత పొడుగు సాగాయంటే వాననీళ్లు జారడానికే. మాస్టారు ఒక్కో మాటకీ సరిహద్దు కొండల పటంమీద పెన్సిలుతో గీత కొట్టుకుంటూ పోయారు. సున్నపురాయి ఉన్నవి పోయాయి. వాన తక్కువవి పోయాయి. మధ్యలో మూడుసార్లు ఏం చేస్తున్నామో మరిచిపోయారు, యశోద మూడుసార్లూ మొదట్నుంచి చెప్పింది. చివరికి బర్మా సరిహద్దునున్న పట్కాయ్ కొండల్లో రెండు లోయలు మిగిలాయి. మొక్క పక్కేసుకునే వేళకే కొండనీడ పడే లోయ ఏదో అదే దాని ఊరు.

మొక్కను కుండీతో సహా జీపులో ఎక్కించారు. ఆస్పత్రి వద్దంది, కేంద్రం డైరెక్టరు వద్దన్నాడు, మాస్టారిని మాత్రం ఇంట్లో వదిలి వెళ్లడానికి యశోదకు ధైర్యం చాల్లేదు. తోడు దొరికాక తీసుకొచ్చేదాకా ఆయన ఉంటారన్న భరోసా ఎవరిచ్చారు? దీపాంకర్‌ను ప్రయోగశాలలో ఉంచి, అడవిలో కూడా పనిచేసే ఉపగ్రహ ఫోనొకటి, చిన్న పరీక్షపెట్టె ఒకటి తీసుకుని బయల్దేరారు.

దారంతా కుండీ మాస్టారి ఒళ్లోనే ఉంది. ఎత్తు పల్లాలకు అది ఊగుతుంటే రెండు చేతులా పట్టుకున్నారు.

"ఎవరి పిల్లని పుట్టింటికి దిగబెడుతున్నాం యశోదా?" అనడిగారు ఒకచోట, చాలా మామూలుగా.

"తేయాకుని, మాస్టారూ."

"ఓహో. సారె ఏమైనా తెచ్చావా? ఉత్తచేతులతో వెళ్తే ఏం బాగుంటుంది?"

మొదటి లోయలో కొండనీడ ఎప్పుడో పడిపోయింది, కుండీలో మొక్క ఆకులు నిక్కించుకునే ఉంది. చెట్లూ మామూలు అడవి చెట్లే. యశోద కుండీ ఎత్తుకుంది. రెండో లోయకు జీపు పోదు. జీపు డ్రైవరూ ఆవిడా చెరో రెక్కా పట్టుకుని మాస్టారిని నడిపించుకుంటూ వెళ్లారు. ఆయన కాళ్లు తడబడుతున్నాయి, దారిలో కనబడిన ప్రతి వాగునూ బ్రహ్మపుత్ర అంటున్నారు. ఇది కూడా కాకపోతే ఇంకో లోయ లేదు.

లోయలో ఒక్కటే ఇల్లుంది, కర్రలమీద లేపిన వెదురిల్లు. ఆ ఇంటామె ఎవరు ఏమిటని అడగక ముందే మాస్టారిని చూసి చాప వేసింది. యశోద కుండీని వాకిట్లో పెట్టి ఎదురుగా కూర్చుంది. పడమటి కొండమీద సూర్యుడు ఒరుగుతున్నాడు. నీడ దిగువకు పాకుతూ వచ్చి, పశువుల కొట్టాన్ని దాటి, మెట్లు దాటి, వాకిట్లోకి వచ్చింది. అది కుండీని తాకుతూండగానే మొక్క ఆకులు మెల్లగా, ఒక్కొక్కటే, కిందికి వాలిపోయాయి.

ప్రపంచంలో ఎన్నో ఏళ్లుగా ఎందరో పండితులు కొట్టుకున్న తగువు ఆ వాకిట్లో తీరిపోయింది. దానికోసమే యశోద సగం జీవితం ధారపోసింది. తీరా అది కళ్లెదుట జరిగినప్పుడు ఆవిడ లేచి గంతులేయలేదు. పిచ్చిదానిలా ఇంటి వెనక చెట్లలోకి పరిగెత్తి ఆకులు తిరగేసింది. నల్లటి దళసరి ఆకులు, అవే గూళ్లు, ప్రతి గూట్లోనూ బియ్యప్పిండి అద్దినట్టు తెల్లటి బూజు!

పరీక్షపెట్టెలో మాస్టారి రక్తపుచుక్క వేసి మందు కలిపితే ఊదారంగు వచ్చింది, విషం ఉందన్నమాట. దాంట్లో చిటికెడు బూజు రాల్చింది. రంగు పలచబడి, పలచబడి, నీళ్లలా తేరుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ తేరుకుంది. గాజుగొట్టంలో సరే, మనిషి ఒంట్లో? ఒకసారి తెలియకుండా పెట్టింది. ఈసారి తెలుసుకోకుండా పెట్టదలచుకోలేదు.

ఆవిడ బూజుతో ఉన్న చిగురు కోసి, అక్కడే నిలబడి తనే నమిలి మింగింది. బూజు పనిచేయకపోతే రేపటినుంచి ఇంట్లో నిద్రలేనివాళ్లు ఇద్దరవుతారు. అదే న్యాయమనిపించింది. ఇక తెల్లవార్లూ మేలుకుని తన నాడి తనే చూసుకోవాలని నిశ్చయించుకుని మాస్టారి పక్కన చాపమీద కూర్చుంది.

కళ్లు తెరిచేసరికి పొద్దెక్కింది. వెదురుతడికల్లోంచి ఎండ మొహంమీద పడుతోంది. ఎప్పుడు ఒరిగిందో, ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు. పక్కన మాస్టారు గుంటకళ్లతో కూర్చుని, అరిటాకు ముక్కతో ఆవిడకు విసురుతున్నారు.

"గురక పెట్టావు," అన్నారాయన ఎంతో సంతోషంగా. "ఎంత బాగా పడుకున్నావో! లేపబుద్ధి కాలేదు. ఈగలు వాలకుండా చూస్తున్నాను."

యశోద ఆయన చేయి పట్టుకుని బావురుమంది. సిగ్గూ ఏడుపూ ఆనందమూ అన్నీ ఒక్కసారే వచ్చాయి. కంటికి రెప్ప వాలక చావుకు దగ్గరైన మనిషి తన నిద్రకు కాపలా కాశాడు. పైగా ఆ ఆకు తిన్నా తనకు నిద్ర పట్టింది. బూజు పనిచేసింది!

గూళ్లనిండా బూజున్న ఆకులు ఏరి, కడగకుండా, ఆ ఇంటామె ఇచ్చిన ఉప్పు అద్ది, వేడన్నంలో కలిపి ముద్దలు చేసి తినిపించింది. మాస్టారు ముద్ద ముద్దకీ "పచ్చిమిరపకాయ తక్కువైంది" అంటూనే తిన్నారు. పళ్లెం పూర్తయ్యాక గోడకు చేరగిలబడి, ఆ ఇంటామె కట్టెలపొయ్యి ఊదుతుంటే చూస్తూ కూర్చున్నారు. యశోద ఆయన్నే చూస్తూ కూర్చుంది. పొయ్యిమీద నీళ్లు కాగాయి, దిగాయి. కోళ్లు వాకిట్లోకొచ్చి పోయాయి.

"యశోదా," అన్నారాయన మాట ముద్దగా. "ఆ కొండ... పడమటి..."

మాట అక్కడ ఆగిపోయింది. తల పక్కకు వాలింది.

యశోద గబుక్కున వేళ్లు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చటి గాలి తగిలింది, ఆగింది, మళ్లీ తగిలింది. మణికట్టు పట్టుకుంది. నాడి నెమ్మదిగా, నింపాదిగా కొట్టుకుంటోంది. కనురెప్పల కింద కళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి, అంటే కల కూడా వస్తోంది. మందు దెబ్బకు పడిపోయిన ఒళ్లు కాదిది. అచ్చంగా నిద్రే. ఆవిడ తన కొంగు చుట్టి ఆయన తలకింద పెట్టి, కాళ్లు చాపి సర్దింది. ఇన్నాళ్లుగా గుండెలమీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టనిపించింది.

ఫోను మోగింది. మొదటి మోతకే పట్టుకుంది.

"మేడమ్, ఏమైంది? ఊరు దొరికిందా?" దీపాంకర్ అరుస్తున్నాడు. వెనక చాలామంది గోల. "డైరెక్టరుగారు ఇక్కడే ఉన్నారు. పత్రికలవాళ్లకు కూడా తెలిసిపోయింది. చైనా నుంచి రెండుసార్లు ఫోను చేశారు. ఏ లోయ మేడమ్? మన వైపా, అవతలి వైపా?"

"మెల్లగా మాట్లాడు దీపాంకర్," అంది యశోద గుసగుసగా. "మాస్టారు పడుకున్నారు."

దీపాంకర్ గొంతు, వెక్కిళ్ల మధ్య, తనూ గుసగుసగా, "పడుకున్నారా? నిజంగానే?" అంది. ఆ వెంటనే అతను పక్కకు తిరిగి అందరినీ ‘ష్’ అని కసరడం వినిపించింది. అక్కడి గోల ఒక్కసారిగా అణగిపోయింది. ఎవరో కుర్చీ చప్పుడు చేస్తే ఇంకెవరో మందలించారు. ఆ ప్రయోగశాలకూ ఈ వెదురిల్లుకూ మధ్య ఎన్ని కొండలున్నాయో, ఎన్ని వాగులున్నాయో ఎవరికీ గుర్తు లేదు.

"అమ్మా యశోదా," అన్నాడు డైరెక్టరు, ఎప్పుడూ గట్టిగా తప్ప మాట్లాడని మనిషి, వినబడీ వినబడకుండా. "తేయాకు ఊరు సంగతి..."

"దొరికిందండీ. ఆయన లేచాక చెబుతాను. కనిపెట్టింది ఆయన, ఆయనే చెప్పాలి."

"అలాగేనమ్మా. లేపకు, లేపకు. ఎన్నాళ్లైనా పర్వాలేదు."

"ముందు ఎవరినైనా మా ఇంటికి పంపండి. మా అత్తకు చెప్పమనండి, వాళ్లబ్బాయి పడుకున్నాడని."

యశోద ఫోను కట్టేసి, చాపమీద ఆయన పక్కన చోటు చూసుకుని, చప్పుడు కాకుండా నడుం వాల్చింది.